లేని చప్పుడు

చప్పుడు లేదు. లేనే లేదు. కోదాడ దాటి హుజూర్‌నగర్ రోడ్డెక్కినప్పటి నుంచి భాస్కర్ ఒళ్ళంతా చెవులు చేసుకుని అంబాసిడర్ నడుపుతున్నాడు. తన షెడ్డులో, తన చేత్తో, ముక్కముక్కగా విప్పి, కిరసనాయిలులో కడిగి, కొత్త పిస్టన్లూ కొత్త రింగులూ కొత్త బేరింగులూ వేసి బిగించిన ఇంజన్ ఇది. కాళ్ళ ముందు వెన్నలా తిరుగుతోంది, స్టీరింగులో ఒక్క వణుకు లేదు, గేరు రెండు వేళ్ళతో పడుతోంది. అంత పాత బండి ఇంతకన్నా ఏం చెయ్యాలి, లేచి కోలాటమాడాలా? అయినా సరే, నిన్న ప్రేమ్‌కుమార్ సారు మిర్యాలగూడ నుంచి పనిగట్టుకుని వచ్చి, షెడ్డులో నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, బడిపిల్లవాడి లెక్కలో తప్పు పట్టినట్టు, "భాస్కర్, టిక్ టిక్ మంటున్నది గదయ్యా" అన్నాడు. రిటైరైన లెక్కల సారుకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు? మామగారి గుర్తని ఇన్నాళ్ళూ ఇంటి ముందు పరదా కప్పి దాచుకున్నవాడికి బండి నడుస్తుంటే చాలు గదా? పోనీ సారంటే సారు, డబ్బులిచ్చేవాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. చాయ్ గ్లాసులు పట్టుకుని పక్కన నిలబడ్డ నాగరాణి, కట్టుకున్న పెళ్ళాం, "అవ్ సారూ, నాగ్గూడ ఇనవడ్తుంది" అన్నది. అక్కడ మండింది భాస్కర్‌కు. ఊరంతా ఒకవైపు నిలబడ్డా ఇంటిది తనవైపు నిలబడాలి. రాత్రి అన్నం సహించలేదు.

సారు అంతటితో ఊరుకున్నాడా? "రేపు జర మా ఇంటికి తెచ్చి చూపియ్యి. చప్పుడు పోతే సంతోషం. పోకపోతే సూర్యాపేటల వినోద్ ఉన్నడట గద, ఆయనకు చూపిస్త" అన్నాడు. ఆయనంట, ఆయన! తన షెడ్డులో గ్రీజు పూసుకుని పానాలు అందించిన వినోద్‌గాడు ఇవాళ ఆయన అయ్యాడు. భాస్కర్ కట్టిన ఇంజన్‌ను వినోద్ విప్పి సరిచేశాడన్న మాట ఒక్కసారి బయటికి వస్తే, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ, ఎక్కడ చాయ్ బండి దగ్గర నలుగురు డ్రైవర్లు నిలబడ్డా అదే ముచ్చట. ఇగ షెడ్డు తలుపు వేసుకోవడమే. దానికైనా ఓర్చుకుంటాడేమో గానీ, వాడు ఇంజనొకటే తీసుకుపోవడం లేదని భాస్కర్ నమ్మకం. ఆ నమ్మకం పైకి అనలేక, లోపల దాచుకోలేక, ఏడాదిగా గొంతులో చేపముల్లు పెట్టుకుని తిరుగుతున్నాడు.

కొత్త ఇంజన్‌ను నలభై దాటించకూడదు. కాబట్టి ఎద్దులబండి నడక. సిమెంటు లారీలు దుమ్ము కొట్టుకుంటూ దాటిపోతున్నాయి, ఆర్టీసీ బస్సు దాటింది, ఆఖరికి వరికోత మిషను కూడా దాటిపోయింది, దాని డ్రైవరు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. నవ్వనీ. పక్కన నాగరాణి సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఈమె ఎందుకొచ్చినట్టు? పొద్దున చీర మార్చుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంటే "ఎటు?" అన్నాడు. "మాడుగులపల్లి అక్క దగ్గరికి. మొన్న చెప్తే ఆ అన్నవ్ గద" అన్నది, మొహం మొహాన పెట్టి. అని ఉంటాడు. ఈ మధ్య ఆమె ఏదడిగినా ఆ అనడం అలవాటైంది, మాట పెంచుకోకుండా ఉంటుందని. అక్క ఒక వంక, చప్పుడుకు సాక్ష్యం చెప్పడానికే వస్తున్నదని అతనికి తోచింది. సారు ముందు మళ్ళీ అవ్ సారూ అంటుంది, బండి సూర్యాపేట పోతుంది, వాడు మీసం మీద చెయ్యి వేసుకుని, వదినె కూడా విన్నదట అని పదిమందికి చెప్పుకుంటాడు. ఎంత చక్కగా కుదిరింది! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

ఈ ఏడాది నుంచి నాగరాణి గొంతు మారింది. ఇది అనుమానం కాదు, కళ్ళారా చూస్తున్న సంగతి. ఒకప్పుడు ఆమె వంటింట్లోంచి కేకేస్తే వీధి మొగలో ఆటోవాడు తిరిగి చూసేవాడు. ఇదేం గొంతే నీది అని తనే తిట్టేవాడు. ఇప్పుడు ఫోను చెవికి పెట్టుకుంటే పెదవులు కదులుతాయి తప్ప మాట బయటికి రాదు. నీళ్ళ ట్యాంకు మెట్ల మీద కూర్చుని, అటు తిరిగి, వీపు ఊగేలా నవ్వుతుంది, ఆ నవ్వుకు కూడా చప్పుడుండదు. ఎవరే అంటే "వినోద్" అంటుంది, జంకూ గొంకూ లేకుండా. అదే అసలు జాణతనం. పేరు దాచితే పట్టుకోవచ్చు. పేరు చెప్పి మాట దాచుకుంటే మనిషేం చేస్తాడు? ఒకసారి చెప్పుల్లేకుండా వెనకగా వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు, సిగ్గు విడిచి. ఎంతసేపు నిలబడ్డా గొణుగుడు తప్ప ఒక్క ముక్క చెవిన పడలేదు. అంత దగ్గర నిలబడినవాడికి వినపడకుండా మాట్లాడాలంటే ఎంత సాధన ఉండాలి! ఆ రోజు నుంచి ఇంట్లో చాయ్ కూడా రుచి పోయింది. భార్య మీద అనుమానపడేవాళ్ళను చూసి ఒకప్పుడు నవ్విన మనిషే, ఇప్పుడు తన మొహం తనే అద్దంలో చూసుకోలేకపోతున్నాడు.

వాడేమన్నా పరాయివాడా అంటే అదీ కాదు. అనంతగిరి దగ్గర గొర్లు కాసుకునే వాళ్ళింటి కొడుకు, ఐటీఐ పాసై, పెద్ద మెకానిక్‌నైతా అన్నా అని సంచి తగిలించుకుని వచ్చాడు. నాగరాణి అన్నం పెట్టింది, చింపిరి అంగీలకు గుండీలు కుట్టింది. వదినా, అన్న కంచంల పడ్డ మూలుగ బొక్క నా కంచంల ఎందుకు పడలె అని వాడు, నీ పెండ్లాం వచ్చినంక ఏస్తది తియ్యిరా అని ఈమె. వదినె మరుదుల పరాచికాలు ఏ ఇంట్లో ఉండవు, అప్పుడు తనూ నవ్వేవాడు. పని కూడా అట్లాగే పట్టుకున్నాడు. తను ఏళ్ళకేళ్ళు లారీ బాడీల షెడ్డులో రేకుల మీద సుత్తి దెబ్బలు కొట్టీ కొట్టీ ఇంజన్ దగ్గరికి చేరితే, వాడు వస్తూనే ఇంజన్ దగ్గర నిలబడ్డాడు. ఒకనాడు హాలియా నుంచి ఒక రైతు జీపు తెచ్చాడు. "అన్నా, ఎనుక చక్రం కాడ సన్నగ కీసుమంటుంది, జర ఇను" అన్నాడు వినోద్. భాస్కర్ వంగి, విని, ఏం లేదు పోరా అన్నాడు. వాడు పోలేదు. ఆ రైతు ముందే చక్రం ఊడదీసి, ఎండిపోయిన బేరింగు అరచేతిలో పెట్టి చూపించాడు. రైతు బేరింగును చూడలేదు, వినోద్ మొహం చూశాడు. ఇన్నాళ్ళూ బండివాళ్ళు తనను చూసిన చూపు అది. అది తన భుజం మీదుగా పోయి వాడి మీద వాలింది. "నా షెడ్డుల ఇద్దరు ఉస్తాదులు అక్కర్లేదు" అని భాస్కర్ అందరి ముందే అన్నాడు. వాడు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఏకు మేకవడమంటే ఇదే. సూర్యాపేటలో సొంత షెడ్డు, పైన బోర్డు, బోర్డు మీద రంగు లైట్లు.

పోనీ, వెళ్ళినవాడు వెళ్ళినట్టుంటే ఎట్లాగో మరిచిపోయేవాడు. దసరా నాడు వచ్చాడు. పానాలూ స్క్రూడ్రైవర్లూ కడిగి, కుంకుమ పెట్టి, వరసగా పేర్చి, ఇంకా ఏదో సర్దుతూ గోడవైపు తిరిగి ఉన్నాడు భాస్కర్. ఎందుకో తల తిప్పితే గేటు దగ్గర వినోద్ వీపు కనపడింది, కొత్త అంగీ, వెళ్ళిపోతున్నాడు. నాగరాణి గేటు పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో జమ్మి ఆకు, కళ్ళలో నీళ్ళు. దసరా బంగారమని ఆ ఆకును ఎవరికిస్తారు? పెద్దలకిస్తారు. అన్నం పెట్టిన చేతులకూ పని నేర్పిన చేతులకూ ఇస్తారు. ఇన్నేళ్ళు అన్నా అని పిలిచిన నోటితో ఒక్క మాట పలకరించలేదు, లోపలికి నాలుగడుగులు వేసి ఆకు చేతిలో పెట్టలేదు, వదినె చేతిలో పెట్టి, ఆమెతో కన్నీళ్ళు పెట్టించి వెళ్ళాడు. ఏ ఆడది ఊరికే ఏడుస్తుంది? తర్వాత నాగరాణి మొహం ముడుచుకుని ఏదో అన్నది, కంచం దబ్బున పెట్టింది. తప్పు చేసినవాళ్ళకే అంత కోపం వస్తుందని అతను అర్థం చేసుకున్నాడు. ఆ అని ఊరుకున్నాడు.

నేరేడుచర్ల వచ్చింది, పోయింది. ఎండ బానెట్ మీద పడి కళ్ళలోకి కొడుతోంది. టిక్ టిక్ అట! టిక్ టిక్ అంటే టాపెట్లే కావాలి, టాపెట్లు సెట్టు చెయ్యడం భాస్కర్‌కు ఒకడు నేర్పాలా? ఇంజన్ నెత్తిన వరసగా చిన్న చిన్న ఉక్కు సుత్తుల్లాంటివి ఎగిరెగిరి పడుతుంటాయి. ఒక్కోదాని కింద గోటి మందం కూడా లేని సందు ఉండాలి, ఎక్కువైతే టిక్కుమంటుంది, తక్కువైతే వాల్వు కాలిపోతుంది. ఆ సందు కొలవడానికి పలుచని ఉక్కు ఆకులు అమ్ముతారు. వాటిని భాస్కర్ కొననే లేదు. కొననివ్వలేదు పని నేర్పిన జానయ్య ఉస్తాద్. కాటికి పోయే ముందు కూడా బీడీ పొగలోంచి అదే మాట: "ఆకులు చెవుల్లేనోనికి బిడ్డా. మనకు దేవుడు చెవులిచ్చిండు." ఇంజన్ నడుస్తుండగానే పైమూత తీసి, మరను వదులు చేస్తూ పోతే టిక్ టిక్ మొదలవుతుంది, మళ్ళీ బిగిస్తూ వస్తే ఒకచోట టిక్కు పోతుంది, పోయిన చోట ఆపి నట్టు బిగించాలి, అంతే. అదే చేశాడు ఈ బండికీ. చిత్రమేమంటే ఇంత తొందరగా ఎన్నడూ సెట్టు కాలేదు. ఇట్లా మర తిప్పాడో లేదో అట్లా నిశ్శబ్దం, ఒకదాని తర్వాత ఒకటి, చేయి తిరగడమంటే ఇదేనని తనలో తనే మురిసిపోయాడు. ఆ మురిపాన్ని పట్టుకుని లాగి కింద పడేసింది నాగరాణి. పెళ్ళైన కొత్తలో ఈ ఊళ్ళ మీదుగానే మోపెడ్ మీద పోతుంటే, వెనక కూర్చుని నడుము పట్టుకుని, నీకు బండి ముందా నేను ముందా అని చెవిలో గుసగుసలాడేది. ఆ గుసగుస ఎంత బాగా వినపడేది! గాలిలో, మట్టి రోడ్డు మీద, మోపెడ్ మోతలో కూడా వినపడేది. ఇప్పుడు ఆ గుసగుసలన్నీ సూర్యాపేటకు పోతున్నాయి.

నాగరాణి ఇటు తిరిగింది. పెదవులు కదిపింది. భాస్కర్ ఆ అన్నాడు. ఆమె మళ్ళీ ఏదో అని, చెయ్యి చాచి వెనక్కీ ముందుకీ చూపించింది, మొహంలో విసుగు. ఇగ మొదలైంది. సారు ఇల్లు దగ్గర పడుతుంటే చప్పుడు పెరిగిందని పాట. పళ్ళు బిగించాడు. మూడోసారి ఆమె అతని మోచేయి పట్టి కుదిపింది. సాగర్ కాలువ వంతెన దాటాక, ఎడమ పక్కకు లాగి, బండి ఆపి, ఇంజన్ అట్లాగే నడవనిచ్చి, భాస్కర్ ఏడాదిగా మింగుతున్నదంతా ఒక్కసారి కక్కేశాడు. "చప్పుడు లేదే! నా బండిల చప్పుడు లేదు. ఆడు చెప్పమంటే చెప్తున్నవ్ నువ్వు. ఆ వినోద్‌గానికి, నీకు నడిమిట్ల ఏం నడుస్తుందో నాకు తెల్వదనుకున్నవా? నన్ను చూస్తే గొంతు తగ్గిస్తవ్, అటు తిరిగి నవ్వుతవ్. నేనేమన్న ఎర్రోన్నా?"

అనేశాక తన గొంతు తనకే పరాయిగా వినపడింది. నాగరాణి కోపం తెచ్చుకోలేదు, ముందు. ఒక్కో మాటా ఆగి ఆగి, అతని మొహంలోకి చూస్తూ, "నేనిప్పుడు ఏమడిగిన?" అన్నది. చప్పుడు పెరిగిందన్నవ్ అన్నాడు. "నీళ్ళ సీస ఎనుక సీట్ల ఉంది, గొంతెండుతుంది, జర ఆపి తియ్యమన్న. మూడుసార్లన్న." ఆ మాట అర్థమయ్యేలోపు ఆమెకు రావలసిన కోపం వచ్చింది. "నీ నోట్ల మన్ను వడ! ఆడు నాకు బిడ్డ లెక్క. తల్లి పోయిన నాడు నా ఒళ్ళ తలకాయ వెట్టి ఏడ్చినోడు. ఛీ, ఏం మనిషివయ్యా నువ్వు" అని తలుపు తీసుకుని దిగింది. భాస్కర్ కూడా దిగాడు. ఆమెకు చూపించాలి. నీళ్ళ సంగతి తర్వాత, ముందు చప్పుడు సంగతి తేలాలి. అదొక్కటి అబద్ధమని తేలితే మిగతావన్నీ అబద్ధాలే, తను అన్న మాట నిజమే. బానెట్ లేపాడు. "చూపియ్యి. ఏడ?" అన్నాడు. నాగరాణి కోపంతోనే, చూడకుండానే, వేలు పెట్టి చూపించింది. ఇంజన్ పైమూత మీద, ముందువైపు. ఆమె ఇంజన్ ముట్టి ఎరగదు, టాపెట్ అంటే ఏమిటో తెలియదు, అయినా వేలు పోయి సరిగ్గా టాపెట్ల మీద ఆగింది. ఎవడో చెప్పి పంపితే తప్ప వేలు అంత సూటిగా ఆగదు గదా అని ఒక పాడు ఆలోచన భాస్కర్ తలలోకి వచ్చింది.

పొడుగు స్క్రూడ్రైవర్ తీశాడు. మొన మూత మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు, ఎన్ని వేలసార్లు పెట్టుకున్న చెవి! గుమ్మని మోత, దూరంగా లారీ పోతున్నట్టు. అంతే. టిక్కు లేదు. ఎడమ చెవికి పెట్టాడు. లేదు. చూశావా అనబోయి నాగరాణి మొహం చూశాడు. ఆమె ఇంజన్ వైపు చూస్తూ, తనకు తెలియకుండానే, వేలితో కారు మడ్‌గార్డు మీద తాళం వేస్తోంది. టిక్, టిక్, టిక్. వేలు ఆగడం లేదు. తను ఆక్సిలరేటర్ తీగ లాగితే వేలు వేగం పెరిగింది. వదిలితే తగ్గింది. ఇది ఎవడూ చెప్పి పంపేది కాదు. స్క్రూడ్రైవర్ పిడిని నోట్లో పెట్టుకుని పళ్ళతో కరిచి పట్టాడు, ఎందుకు అట్లా చేశాడో తనకే తెలియదు. అప్పుడు కొట్టింది. పంటి మీద, దవడ ఎముక మీద, సన్నగా, గట్టిగా, ఆపకుండా. టిక్ టిక్ టిక్. సారు చెప్పిన చప్పుడు. నాగరాణి చెప్పిన చప్పుడు. నిన్నటి నుంచి, కాదు, పైమూత బిగించిన క్షణం నుంచి ఉన్న చప్పుడు. నోట్లోంచి పిడి తీశాడు, చప్పుడు పోయింది. మళ్ళీ కరిచాడు, వచ్చింది. తీశాడు, పోయింది. చిన్నపిల్లవాడి ఆట లాగా ఎన్నిసార్లు చేశాడో.

చప్పుడు ఉంది, తనకు లేదు. మరైతే ఏడాదిగా తనకు లేనివన్నీ ఏవి? పొద్దున్నే గోడ మీద పిచ్చుకలు కనపడతాయి గానీ అరవవు. సెల్ టవర్ల వల్ల వాటి గొంతు పోయిందని పదిమందితో వాదించాడు. కుక్కర్ విజిల్ పాడైందని కొత్తది తెచ్చి, అదీ పనిచెయ్యదని కొట్టువాడితో తగవు పెట్టుకున్నాడు. హాలియా జీపు చక్రం. ఆ జీపు చక్రం! వినోద్ తనను తక్కువ చెయ్యడానికి ఊడదీయలేదు. వాడికి వినపడింది, ఊడదీశాడు. నీళ్ళ ట్యాంకు మెట్లు. గోడ పక్కన చెప్పుల్లేకుండా నిలబడ్డ తను. ఒక్క ముక్క కూడా వినపడకుండా మాట్లాడే సాధన. దేవుడా. "రాణీ" అన్నాడు, పెళ్ళైన కొత్తలో తప్ప పిలవని పేరు. "నువ్వు ఫోన్ల గొంతు తగ్గించి మాట్లాడలేదా?" నాగరాణి కోపం మొహం మీదే ఆగిపోయి, మెల్లగా ఇంకేదో అయింది. దగ్గరికి వచ్చి, రెండు చేతులతో అతని మొహం తన వైపు తిప్పుకుని గట్టిగా చెప్పింది. "నీ ముందట్నే మాట్లాడిన గదయ్యా. అంత పెద్దగ. పక్కింటోళ్ళు గూడ ఇన్నరు. నువ్వు ఇని ఇననట్టు ఉంటున్నవని నేననుకున్న. ఆన్ని రమ్మందునా అని ఎన్నిసార్లడిగిన! ఆ అంటవ్, మొఖం అటు తిప్పుకుంటవ్."

దసరా నాడు, అన్నాడు భాస్కర్. ఆమె చేతులు అతని చెంపల మీద నుంచి జారాయి. "దసరా నాడు ఆడు నీ ఎనుకనే నిలవడ్డడు. జమ్మి చేతిల వట్టుకొని అన్నా అన్నడు. అన్నా అన్నడు. మల్ల ఒకసారి, ఏడుపు గొంతుతోని. నువ్వు తిరగలే. బండరాయి లెక్క గోడకే చూసుకుంట నిలవడ్డవ్. ఆకు నా చేతిల వెట్టి పోయిండు. అప్పటిసంది ఫోన్ జేసి అన్న కోపం పోయిందా వదినా అనే అడుగుతడు. నవ్విస్త నేనే, ఏడ్వకుమని." రోడ్డు మీద గొర్రెల మంద ఒకటి వస్తోంది, మెడలో గంటలు ఊగుతున్నాయి, ఊగుతున్నాయి, ఒక్కటీ మోగడం లేదు. భాస్కర్ వాటినే చూశాడు. వాడి మీద ఎంత విషం పెంచుకున్నాడు, ఈమె మీద ఎంత. అదంతా ఎక్కడ పారబోయాలి ఇప్పుడు? సిగ్గుతో పాటే ఇంకొకటి కూడా లేచింది లోపల. ఈ గొర్రెల గంటలు ఆమెకు వినపడుతున్నాయి. ఆ టిక్కు వినపడుతోంది. వాడి ఏడుపు గొంతు కూడా ఆమెకే వినపడింది. ముప్పై ఏళ్ళు తన సొత్తనుకున్నది ఇప్పుడు ఏ పనీ నేర్వని పెళ్ళాం చెవుల్లో ఉంది, సూర్యాపేటలో వాడి చెవుల్లో ఉంది. ఆమె కమ్మలు పెట్టుకున్న చెవులను చూసి అతనికి నిజంగా కన్ను కుట్టింది.

డిక్కీలోంచి పానాలు తెచ్చాడు. పైమూత విప్పాడు. నడుస్తున్న ఇంజన్ వేడి నూనె చుక్కలు చొక్కా మీద చిమ్ముతోంది. "చప్పుడు పోతే చెయ్యి లేపు" అన్నాడు. నాగరాణి కొంగు నడుముకు దోపుకుని, ఇంజన్ మీదికి వంగి, తల పక్కకు వాల్చి వింది. అతను మర తిప్పుతూ ఇంజన్ వైపు చూడలేదు, ఆమె చెయ్యి వైపు చూశాడు. చెయ్యి లేచింది, నట్టు బిగించాడు. పక్కది. ఆమె ఊహూ అని తల ఊపింది, ఇంకొంచెం అని వేళ్ళతో చూపించింది, తప్పు వస్తే నొసలు చిట్లించింది. ఒకదాని దగ్గర చెయ్యి లేపి, మళ్ళీ దించి, కాదు కాదు, ఇంకా ఉంది అన్నది. ఎంత తొందరగా నేర్చుకుంది! మళ్ళీ కన్ను కుట్టింది. ఆఖరిది అయ్యాక ఆమె నడుం నిలబెట్టి, చెవులు రిక్కించి, "ఇగ లేదు" అన్నది. భాస్కర్ స్క్రూడ్రైవర్ కరిచి చూశాడు. పంటికి కూడా తగల్లేదు. సారు ముందు బండి పెట్టవచ్చు, ఏమీ అనడు, నీ చెవి చెవే భాస్కర్ అని మెచ్చుకుంటాడు కూడా. ఆ మెప్పు తలుచుకుంటేనే నోరు చేదైంది. ఇంజన్ ఆపాడు. సీసాలో నీళ్ళు ఆమె తాగి, మిగిలినవి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, "ఆనికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఎవరికని ఆమె అడగలేదు. స్పీకరు పెట్టి, ఫోను ఇద్దరి మధ్య బానెట్ అంచు మీద పట్టుకుంది. తెర మీద సెకన్లు కదలడం మొదలయ్యాయి. నాగరాణి ఏదో చెప్పింది, భాస్కర్ పేరు చెప్పింది, ఆ పెదవుల కదలిక అతనికి తెలుసు. తర్వాత ఊరుకుంది. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. భాస్కర్ ఫోనుకు దగ్గరగా వంగాడు. ఎండాకులు నలిగినట్టు గరగర, అంతే. నాగరాణి కళ్ళు నిండి చెంపల మీదికి వచ్చాయి. ఆమెకు అందుతోంది, తనకు అందడం లేదు, ఫోను మాత్రం తన మొహం ముందే ఉంది.

"ఏమంటుండు?"

"అన్నా అంటుండు. గంతే. అన్నా, అన్నా అని పిలుస్తుండు."

భాస్కర్‌కు ఏడుపూ ఉడుకుమోత్తనమూ కలిసి వచ్చాయి. తనను పిలిచే పిలుపు తనకు తప్ప లోకమంతా వింటోంది. ఫోను ఆమె చేతిలోంచి లాక్కుని, నోటికి ఆనించి, రోడ్డు పక్కన మేతకు ఆగిన గొర్రెలు బెదిరేలా అరిచాడు.

"వినోదూ! ఎనుక నుంచి పిలువకురా. నాకు ఇనవడదు. ఇంటికొచ్చి, నా ముందట నిలవడి పిలువు."